వార్షిక నివేదిక: సీరియల్ పరికరాల వివరణ ఫైళ్ల క్రమబద్ధీకరణ

గౌరవ సభ్యులకు నమస్కారం. నిబంధనావళి ప్రకారం సర్వసభ్య సమావేశానికి ముందు అందించవలసిన నివేదికను కార్యవర్గం తరఫున సమర్పిస్తున్నాను.

ఈ ఏడాది మన శ్రమలో అధిక భాగం లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగమైన కెర్నల్‌లోని సీరియల్ పోర్టుల (డేటాను ఒక్కొక్క బిట్టుగా పంపే పోర్టుల) డివైస్ ట్రీ బైండింగ్‌లకే, అంటే బోర్డుపై ఉన్న హార్డ్‌వేర్‌ను కెర్నల్‌కు ఎలా వర్ణించాలో చెప్పే ఫైళ్లకే, వెచ్చించాము. పాత పద్ధతిలో మామూలు వాక్యాలుగా రాసి ఉన్న వివరణలను మనుషులు చదువుకోగలరే తప్ప యంత్రం సరిచూడలేదు కనుక, వాటిని యామల్ అనే ఫార్మాట్‌లో రాసే స్కీమాలుగా, అంటే యంత్రం సరిచూడగల నియమాలుగా, మార్చడమే పని. అన్ని పోర్టులకూ ఉమ్మడిగా ఉండే లక్షణాలను ప్రతి ఫైలులోనూ తిరగరాయకుండా సీరియల్ డాట్ యామల్ అనే ఉమ్మడి ఫైలును, ఆర్‌ఎస్-485 (ఒక సీరియల్ ప్రమాణం) లక్షణాలకు దాని ప్రత్యేక ఫైలును ప్రస్తావించాము. పోర్టుకు తగిలించిన బ్లూటూత్, జీపీఎస్ చిప్‌ల వివరణలు సీరియల్ డైరెక్టరీలో ఉండకూడదని, అవి తమ తమ వర్గాల డైరెక్టరీలకే చెందుతాయని సభ్యులు మరోసారి గమనించగలరు. ఫైలును కదిలించినప్పుడు ఏ ఫైలుకు ఎవరు బాధ్యులో చెప్పే మెయింటెయినర్స్ ఫైలులోని దారిని (పాత్) కూడా మార్చి తీరాలి.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోదగినది ఆదివారం నాటి కార్యశాల. పోర్టు రిజిస్టర్లు (చిప్‌ను నడిపే చిన్న మెమరీ గదులు) నాలుగేసి బైట్ల దూరంలో ఉన్న బోర్డుకు, ఆ దూరాన్ని రెండు ఘాతంగా చెప్పే రెజ్-షిఫ్ట్ అనే లక్షణం విలువ 2 ఉండాలి. ఆ పేరులో ఒక్క అక్షరం జారినా కంపైలర్ అభ్యంతరం చెప్పదు. డ్రైవర్ (పోర్టును నడిపే కెర్నల్ కోడ్) ఆ లక్షణం లేదనుకొని విలువను 0గా తీసుకుంటుంది, తప్పు చిరునామాలను తాకుతుంది, అదే పోర్టు ద్వారా సందేశాలు చూపుతూ లోపం చెప్పవలసిన కన్సోలే మూగబోతుంది. సరిగ్గా అలాంటి బోర్డునే ఒక విద్యార్థిని కార్యశాలకు తెచ్చింది. జాబితాలో లేని లక్షణాన్ని అనుమతించని నిబంధన స్కీమాలో ఉన్నందున, బోర్డు వివరణను స్కీమాతో పోల్చి చూసే డీటీబీఎస్ చెక్ అనే ఆదేశాన్ని నడపగానే తప్పు ఉన్న నోడ్ (వివరణలో ఆ పరికరానికి చెందిన భాగం) పేరుతో సహా హెచ్చరిక తెరపైకి వచ్చింది. అది చూసి హాలంతా చప్పట్లు కొట్టింది.

హాలు ఇచ్చిన గ్రంథాలయ నిర్వాహకులకు, బోర్డులు అరువిచ్చిన సభ్యులకు, భోజనాలు చూసుకున్న మహిళా సభ్యులకు, రాత్రిళ్లు మేలుకొని ప్యాచ్‌లు (కోడ్ మార్పులు) సరిచూసిన యువకులకు కృతజ్ఞతలు. లెక్కలను కోశాధికారి సమావేశంలో చదువుతారు; బకాయిలేమీ లేవు.

ఒక విషయం చెప్పక తప్పదు. ఒక చిప్ తయారీ సంస్థకు డేటాషీట్ (చిప్ సాంకేతిక వివరాల పత్రం) కోసం ఎన్ని లేఖలు రాసినా జవాబు రాలేదు. ఇంటరప్ట్‌ల (చిప్ ప్రాసెసర్‌కు పంపే సంకేతాల) సంఖ్యను డ్రైవర్ కోడ్ నుంచి తవ్వుకోవలసి వచ్చింది. అంతకంటే బాధ కలిగించినది మనవారి గైర్హాజరీ. ప్రతి స్కీమాలోనూ ఆ ఫైలు బాధ్యత వహించే నిర్వాహకుల (మెయింటెయినర్ల) పేరు తప్పనిసరి. పేర్లు నమోదు చేసుకున్నవారిలో చాలామంది సమీక్షకుల ప్రశ్నలు రాగానే కనుమరుగయ్యారు, భారమంతా ఇద్దరు ముగ్గురిపై పడింది. ఆ బాధ్యత మోయగల సభ్యులు సమావేశానికి ముందే తమ పేరు, ఎంచుకున్న ఫైలు కార్యదర్శికి రాతపూర్వకంగా తెలియజేయవలసిందిగా కోరుతున్నాను.

కార్యదర్శి