వాల్వులు తీయడం గురించి కూడా రాయండి

సంపాదకుడు గారికి,

ఎంఫసీమా (ఊపిరితిత్తుల్లోని గాలి గదులు పాడై ఆయాసం వచ్చే జబ్బు) ఉన్నవాళ్లకు ఊపిరితిత్తుల్లో వాల్వులు అమర్చే చికిత్స గురించి మీ ఆరోగ్యం పేజీలో రాశారు. సంతోషం. అయితే వాటిని తీయాల్సి వస్తే ఏం చేస్తారన్నది అందులో ఎక్కడా లేదు. అది తెలియక మా ఇంట్లో పడ్డ టెన్షన్ అంతా ఇంతా కాదు.

మా వారికి ఎడమ ఊపిరితిత్తి పైభాగంలో నాలుగు వాల్వులు పెట్టారు. అవి గాలిని బయటికి వదులుతాయి గానీ లోపలికి పోనివ్వవు. పాడైన భాగం ముడుచుకుపోతే బాగున్న భాగం విప్పారడానికి చోటు దొరుకుతుంది. మొదట్లో ఆయాసం బాగానే తగ్గింది. తర్వాత దగ్గు పట్టుకుంది, కఫంలో రక్తపు చార కనిపించింది. వాల్వు చుట్టూ కండ పెరిగింది, తీసేయాలన్నారు. ఛాతీ కోస్తారనే అనుకున్నాం. ఆయనకు కంటి మీద కునుకు లేదు.

తీరా చూస్తే కోతా లేదు, కుట్టూ లేదు. మత్తిచ్చి, నోటి గుండా బ్రాంకోస్కోపు (ఊపిరితిత్తుల లోపల చూసే కెమెరా గొట్టం) పంపి, అందులోంచి పట్టకారు లాంటి సన్నటి ఫోర్సెప్స్ దించి, వాల్వును పట్టుకుని స్కోపుతో సహా బయటికి లాగేశారు. కండ బాగా కమ్మేస్తే మాత్రం తీయడం కష్టమట, రక్తం రావచ్చట. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు ముందే చెప్పాలనేది అందుకే. తీశాక ఆ భాగంలో మళ్లీ గాలి నిండుతుంది. ఆయనకు పాత ఆయాసం కొంత తిరిగొచ్చింది, ఆ మాటా దాచను.

2018లో అమెరికా మందుల, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఎంఫసీమాకు అనుమతించిన ఈ వాల్వులను ఇన్ఫెక్షన్ వచ్చినా, ఉన్న చోటు నుంచి జరిగినా, ఊపిరితిత్తి చుట్టూ చేరిన గాలి తగ్గకపోయినా, అసలు గుణమే కనిపించకపోయినా తీసేస్తారు. ఊపిరితిత్తి నుంచి గాలి కారుతుంటే ఆపడానికి పెట్టినవైతే, కారడం ఆగాక సాధారణంగా ఆరు వారాలకు తీసేస్తారు. వాల్వులకు బదులు పాడైన భాగాన్ని ఆపరేషన్ చేసి కోసేస్తే, దాన్ని తిరిగి పెట్టలేరు. వాల్వును తీయొచ్చు. నా దృష్టిలో ఈ చికిత్సకున్న పెద్ద గుణం ఇదే. సంతకం పెట్టించుకునేటప్పుడు దీన్ని రోగికి విడమరిచి చెప్పడానికి ఎంతసేపు పడుతుంది?

ఇంకొక మాట. వాల్వులు పెట్టిన ఆసుపత్రి ఇచ్చిన డిశ్చార్జి కాగితంలో అవి ఎన్ని, ఏ గొట్టంలో ఉన్నాయన్నది రాయలేదు. రక్తం పడిన రోజు వేరే డాక్టరు దగ్గరికి పరుగెత్తాం. ఆయన స్కాన్ తీయించి లెక్క చూసుకోవాల్సి వచ్చింది. కంపెనీ, సంఖ్య, చోటు, పెట్టిన తేదీ ఒక కార్డు మీద రాసివ్వాలని ఆసుపత్రులను కోరుతున్నాను. వాల్వులు తీసే పద్ధతి మీద ఒక పల్మనాలజిస్టు (ఊపిరితిత్తుల డాక్టరు) చేత మీరూ వ్యాసం రాయించండి.

– ఒక పాఠకురాలు