యార్డు కట్టేముందు బండి ఎత్తు కొలవండి

సంపాదక మహాశయులకు,

మున్సిపల్ వాహనాలకు, పైపులకు, రోడ్డు సామగ్రికి, వాటితో పనిచేసే సిబ్బందికి కలిపి ఒకేచోట కొత్త యార్డు కట్టాలన్న ఆలోచన మంచిదే. నేను వర్క్‌షాప్ ఫోర్‌మన్‌గా చేసి రిటైరైనవాణ్ణి. అలాంటి చోటు లేకపోతే ఎంత అవస్థో నాకు తెలుసు. పైపులు ఒకచోట, వాల్వులు ఇంకోచోట, తాళంచెవి సెలవు మీద వెళ్లినవాడి దగ్గర. అర్ధరాత్రి మెయిన్ పైపు పగిలితే అతకడం కన్నా సామాను వెతకడానికే ఎక్కువసేపు పట్టేది. నా అభ్యంతరమల్లా లెక్క మొదలుపెట్టే తీరు మీద. ముందు ఇంత మొత్తమని ప్రకటిస్తారు, తర్వాత ఆ మొత్తంలో ఇమిడేలా ప్లాను గీయిస్తారు.

నేను పనిచేసిన చోట జరిగింది అదే. షెడ్డు చూడ్డానికి బాగానే ఉంది. టిప్పర్ మామూలుగా నిలబడితే ఎంత ఎత్తుంటుందో చూసి పైకప్పును మోసే ట్రస్సు వేశారు. తొట్టి పైకి లేస్తే ఎక్కడిదాకా వస్తుందో కొలిచినవాళ్లు లేరు. తొట్టిని లేపే హైడ్రాలిక్ జాకీ లీకయితే తొట్టి ఎత్తకుండా బాగుచేయడం కుదరదు. అంచేత ఆ బండ్లను ఆరుబయట పెట్టుకుని వానలో తడుస్తూ పనిచేసేవాళ్లం. ఎత్తిన తొట్టికి ఊతం పెట్టకుండా కిందికి దూరకూడదన్నది వర్క్‌షాపులో మొదటి నియమం. బురద నేల మీద ఆ ఊతం జారిందంటే మనిషి దక్కడు. గీసేటప్పుడే ఒక మెకానిక్‌ని పిలిచి అడిగి ఉంటే ట్రస్సు కాస్త పైకి జరిగేది. కాగితం మీద గీత మార్చడానికి పెద్ద ఖర్చు కాదు, స్తంభాలు లేచాక మాత్రం చేసేదేమీ ఉండదు.

సిడ్నీ ఒపేరా హౌస్ సంగతి ఇంజినీర్లందరికీ తెలిసిందే. 70 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్లతో 1963 కల్లా ముగుస్తుందనుకున్న ఆ కట్టడం 1973లో పూర్తయింది, ఖర్చు 10 కోట్ల 20 లక్షల డాలర్లయింది. పైకప్పు డిజైను తేలకముందే 1959లో పని మొదలుపెట్టేశారు. ఆ తర్వాత పైకప్పు బరువు మోయలేవని తేలి, వేసిన స్తంభాలనే మళ్లీ కట్టాల్సి వచ్చింది. దానికీ మున్సిపల్ షెడ్డుకీ పోలికేమిటని అనొచ్చు. తేలాల్సినవి తేలకముందే మొత్తం ఖాయం చేయడం రెండుచోట్లా ఉంది.

వ్యయ ఇంజినీర్ల సంస్థ ఏఏసీఈ ఇంటర్నేషనల్, డిజైను ఎంతవరకు పూర్తయిందన్నదాన్ని బట్టి అంచనాలను ఐదు తరగతులు చేసింది. పరిశ్రమల నిర్మాణానికి వాళ్లు వేసిన లెక్కలో, ఆలోచన దశలో ఉండే ఐదో తరగతి అంచనా మీద అసలు ఖర్చు 100 శాతం దాకా పెరగొచ్చు. డ్రాయింగులన్నీ అయ్యాక వేసే ఒకటో తరగతిలో సాధారణంగా 15 శాతం మించదు. మన కౌన్సిళ్లకు కూడా మొదటిరోజున ఒకే అంకె కాకుండా ‘ఇంత నుంచి ఇంత దాకా’ అని చెప్పాలి. మట్టి పరీక్ష కూడా చేయించని స్థలం మీద ఆఖరి రూపాయి దాకా అంచనా ఇస్తే నేను నమ్మను.

డబ్బు చాలనప్పుడు ముందు కోతపడేవి ప్రారంభోత్సవం నాడు కంటికి కనబడనివే. బండ్లు కడిగే ర్యాంపు దగ్గర మడ్డి, నూనె నీళ్ల నుంచి వేరుచేసే తొట్లు తీసేస్తారు. అప్పుడు ఆ గ్రీజు నీళ్లు నేరుగా వాన కాలువలోకి పోతాయి. పైపులు పెట్టే షెడ్డు తీసేస్తారు. ఎండలో పడి ఉన్న పీవీసీ పైపు పెళుసెక్కి, బిగించేటప్పుడే చిట్లుతుంది. మురుగు పనివాళ్ల స్నానపు గదులు, ఆడవాళ్లు బట్టలు మార్చుకునే గది కూడా ఇలాగే పోతాయి. మురుగులో దిగి వచ్చినవాడు ఆ బట్టలతోనే ఇంటికెళ్లి పిల్లల్ని ఎత్తుకోవాలా? ఈ గదుల్ని అదనపు సౌకర్యం కింద రాయడం నాకు అస్సలు నచ్చదు. అవి పనిముట్లతో సమానం.

తగ్గించక తప్పకపోతే షెడ్డు పొడవు తగ్గించండి, ఎత్తు తగ్గించొద్దు. రేపు నిధులొస్తే పక్కన ఇంకో రెండు అంకణాలు కలుపుకోవచ్చు, ఎత్తు మాత్రం మళ్లీ పెరగదు. భూమిలో పోయే డ్రైన్లు, కేబుల్ గొట్టాలు మొదటి విడతలోనే పూర్తిగా వేయాలి. కరెంటు బండ్లు వస్తున్నాయి కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్‌కు చోటు ఇప్పుడే వదలాలి. పల్లపు స్థలం చవగ్గా వస్తుందని తీసుకుంటే, ఊరు మునిగిననాడు ముందుగా బయటికి రావాల్సిన పంపులు, బండ్లు అక్కడే నీళ్లలో ఇరుక్కుపోతాయి.

ఇంకొకటి. గ్రాంటు ఒక్కసారే వస్తుంది, కరెంటు బిల్లు, కాపలా, రంగులు, పైకప్పు మరమ్మతు ఏటా ఉంటాయి. వాటికి డబ్బు ఎక్కణ్ణుంచి తెస్తారో అదే తీర్మానంలో రాయాలి.

తీర్మానానికి ముందు ప్లానును, ఎస్టిమేటును పక్కపక్కన ఆఫీసు గోడకు అంటించండి. డ్రైవర్లను, ఫిట్టర్లను, పైప్‌లైను సిబ్బందిని పిలిచి, పెన్సిల్ చేతికిచ్చి గుర్తులు పెట్టమనండి. ఆ తర్వాత ఏ ఐటమ్ తీసేసినా, ఎవరు తీసేశారో, ఎందుకు తీసేశారో ఆ కాగితం మీదే సంతకంతో ఉండాలి.

— ఒక రిటైర్డ్ వర్క్‌షాప్ ఫోర్‌మన్