బోరు పైపు లేపే ముందు లైన్ ఆపించుకుందాం

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఎండాకాలం మా పక్క చేనులో మోటారు కాలిపోతే నలుగురం కలిసి బోరులోంచి తీస్తున్నాం. చైన్ పుల్లీతో పైకి లాగిన పైపును విప్పి పక్కకు దించబోతుంటే దాని కొస 11 కేవీ (11 వేల వోల్టుల) తీగ వైపు ఒరిగింది. మెకానిక్ ఒక్క కేక పెట్టాడు. పైపు వదిలేసి తలో దిక్కు ఉరికినం. తీగకూ పైపుకూ మధ్య మూరెడు కూడా లేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తర్వాత లెక్క చూసుకున్నాను. రోడ్డు మీద కాకుండా చేల మీదుగా పోయే 11 కేవీ తీగ నేలకు కనీసం 4.6 మీటర్ల ఎత్తులో ఉండాలని నిబంధన. అంటే 15 అడుగులు. మేం బోరులో దింపే ఇనుప పైపు పొడవు 20 అడుగులు. తీగ ఇంచు కూడా జారకుండా నిబంధన ప్రకారమే ఉన్నా, పైపు నిలబెడితే దాన్ని 5 అడుగులు దాటిపోతుంది. ఇక ఎండకు సాగిన తీగల సంగతి చెప్పేదేముంది!

ఇంకో సంగతి చాలామంది రైతులకు తెలియదు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర స్తంభం మీదుండే ఏబీ స్విచ్ (ట్రాన్స్‌ఫార్మర్‌ను లైన్ నుంచి విడదీసేది) దించి, కరెంటు బంద్ చేశాం కదా అని ధీమాగా పనికి దిగుతారు. ఆ స్విచ్‌తో ఆగేది ఆ ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటే. పైన పోయే మెయిన్ లైన్‌లో కరెంటు అలాగే ఉంటుంది. పైగా ఆ స్విచ్ మనం ముట్టుకోవడమే ప్రమాదం. వెనకట కరెంటు వంతులవారీగా వచ్చేది, రాని వేళ చూసుకుని ఇలాంటి పనులు పెట్టుకునేవాళ్లం. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలయ్యాక ఆ వీలు లేదు.

కాబట్టి బోరు తీగ కిందో పక్కనో ఉంటే, లైన్‌మన్ సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైన్ ఆపి పని చేసుకునే అనుమతి) తీసుకుని, లైన్ ఆపి, ఎర్త్ వేశాకే (తీగలను భూమికి కలిపాకే) పైపు లేపాలి. పక్కవాళ్ల మోటార్లు ఆగుతాయని మనం మొహమాటపడి అడగం. గంటసేపు నీళ్లు ఆగితే ఎవరి నారూ ఎండిపోదు. గడ్డి ట్రాక్టరు, హార్వెస్టరు, ఎత్తిన టిప్పరు డబ్బా, అన్నిటికీ ఇదే భయం. బండికి తీగ తగిలితే డ్రైవరు సీటు మీదే ఉండాలి, కింద ఉన్నవాళ్లు దగ్గరికి రాకూడదు. మంటలు లేస్తే మాత్రం రెండు కాళ్లూ కలిపి దూరంగా దూకాలి. ఒక చేయి బండి మీద ఉండగా కాలు నేల మీద పెడితే ప్రాణం పోతుంది.

గాలివానకు తెగిపడిన తీగను కర్రతో జరపడం మా దగ్గర మామూలు. ఎండు కర్ర ధైర్యం 11 కేవీ ముందు పనికిరాదు. తీగ పడి లైన్ ట్రిప్ అయినా (దానంతటదే ఆగినా), సబ్‌స్టేషన్‌లో మళ్లీ చార్జ్ చేసి (కరెంటు ఇచ్చి) చూస్తారు. మనిషిని కాపలా పెట్టి కరెంటోళ్ల ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేయడమే మన పని.

మా కరెంటు పంపిణీ సంస్థ ఎన్‌పీడీసీఎల్ వారికి నా విన్నపం ఒక్కటే. పొలాలకు వచ్చి చేసే పొలంబాట కార్యక్రమంలో వంగిన స్తంభాలు, జారిన తీగలు సరిచేస్తున్నారు, సంతోషం. అలా వచ్చినప్పుడే లైన్ల కింద ఉన్న బోర్లను కూడా రాసుకోండి. మోటారు తీసే రోజు రైతు ఒక్క ఫోన్ చేస్తే ఎల్‌సీ దొరికే ఏర్పాటు చేయండి. ఆ నంబరు ప్రతి ట్రాన్స్‌ఫార్మర్ గద్దె మీద తెలుగులో, పెద్ద అక్షరాల్లో రాయించండి.

– ఒక రైతు, నర్సంపేట, వరంగల్ జిల్లా