పడమటి కిటికీకి తెర బయట కట్టు

ఒరేయ్ చినబాబూ,

పెద్దమ్మ గదికి ఏసీ బుక్ చేసేశావా? ఇంకా చేయకపోతే ఈ ఉత్తరం చదివేదాకా ఆగు. ఫోన్లో చెబితే "సరే చూద్దాంలే" అని పెట్టేస్తావు, అందుకే కూర్చుని రాస్తున్నాను. ఆవిడకి ఏసీ గాలి పడదు, మోకాళ్ళు పట్టేస్తాయి. నువ్వు పెట్టించినా కట్టేసుకుని ఆ ఉక్కలోనే పడుకుంటుంది. ఇప్పుడే ఇలా ఉంటే రోహిణి కార్తెలో ఆ గదిలో ఎలా ఉంటుందోనని నాకు నిజంగా టెన్షన్‌గా ఉంది.

ముందు ఒక పని చెయ్యి. రేపు సాయంత్రం నాలుగింటికి ఆ గదిలోకెళ్ళి, పడమటి కిటికీకి నువ్వు కొన్న ఖరీదైన గోధుమరంగు కర్టెన్ మీద అరచెయ్యి పెట్టి చూడు. కాలుతుంది. ఆ వేడంతా అప్పటికే గదిలోకి వచ్చేసినట్టే. ఎండ అద్దంలోంచి వెలుగుగా వస్తుంది, కర్టెన్‌కి తగిలి వేడవుతుంది. వెలుగుని లోపలికి రానిచ్చిన ఆ అద్దమే వేడి కిరణాలని బయటికి పోనివ్వదు. తలుపులన్నీ వేసి ఎండలో నిలిపిన కారు ఎలా ఉడికిపోతుందో చూశావుగా, మీ గదిదీ అదే సంగతి. కర్టెన్ మంచిదే కానీ ఉన్న చోటు తప్పు. ఎండని అద్దానికి తగలకముందే ఆపాలి, అంటే తెర బయట ఉండాలి.

ఇది నా సొంత కవిత్వం కాదు. అమెరికా ఇంధన శాఖ వాళ్ళే చెబుతారు. పడమటి కిటికీకి బయట ఏటవాలుగా దించే నీడ తెర (ఆనింగ్) కడితే వేసవిలో లోపలికొచ్చే ఎండ వేడి 77 శాతం దాకా తగ్గుతుందట. అదే లోపల, వెనక తెల్ల ప్లాస్టిక్ లైనింగ్ ఉన్న మధ్యరకం రంగు కర్టెన్ వేస్తే తగ్గేది 33 శాతమే. వాళ్ళు దక్షిణపు కిటికీల గురించి కూడా గట్టిగా చెబుతారు గానీ, అది వాళ్ళ దేశపు ఎండకి సరిపోయే మాట. మన భీమవరంలో, అమలాపురంలో మే మొదటి వారానికల్లా సూర్యుడు మధ్యాహ్నం సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అక్కణ్ణుంచి ఆగస్టు మొదటి వారం దాకా మిట్టమధ్యాహ్నం కాస్త ఉత్తరం వైపే ఉంటాడు. అందుకని ఆ రోజుల్లో దక్షిణపు కిటికీకి నేరుగా ఎండ దాదాపు తగలదు. మనల్ని చంపేది పడమటి ఎండే. జూన్‌లో పొద్దు గుంకేది కూడా పడమరకి కొంచెం ఉత్తరంగా కాబట్టి, ఉత్తరపు కిటికీల్లోంచి కూడా సాయంత్రం ఎండ ఏటవాలుగా దూరుతుంది. మీ వంటగదిలో ఓసారి చూడు.

"సన్‌షేడ్ ఉందిగా" అంటావు. అది నడినెత్తి ఎండకి పనికొస్తుంది. మే నెలలో నాలుగింటికి సూర్యుడు అంత కిందికి దిగాక, రెండడుగుల సన్‌షేడ్ కిటికీ మీద వేసే నీడ ఒకటింబావు అడుగు కంటే పెద్దగా ఉండదు. నాలుగడుగుల కిటికీలో మిగతాదంతా ఎండకే వదిలేసినట్టు. పాత పెంకుటిళ్ళకి చూరు ఎందుకు అంత కిందికి దించేవాళ్ళో, చుట్టూ వసారా ఎందుకు వేసేవాళ్ళో ఇప్పుడు అర్థమవుతోంది. ఆ ఇళ్ళ కిటికీలకి అద్దాలు కాదు, చెక్క రెక్కలు ఉండేవి. మనం డాబాలు కట్టి, గోడ పొడుగునా అద్దాలు పెట్టి, ఆ చూరుని మాత్రం వదిలేశాం. నాకు దీని మీద చాలా బాధ ఉందిరా.

మా పడమటి కిటికీకి నేను వెదురు తెర కట్టాను, బయట, సన్‌షేడ్ కింది నుంచి. గోడకి ఆనకుండా జానెడు ఎడం వదిలి. ఆ ఎడం చాలా ముఖ్యం, తెరకి పట్టిన వేడి ఆ సందులోంచి పైకి పోతుంది, గదిలోకి రాదు. వెదురు బద్దల మధ్య నుంచి గాలీ ఆడుతుంది. మనది రాయలసీమ ఎండ కాదు కదా, ఇక్కడ ఎండతో పాటు చెమట. గాలి ఆగిపోతే ఎంత నీడైనా ఊపిరాడదు. మనకి సాయంత్రం పైరగాలి దక్షిణం వైపు నుంచి వస్తుంది, ఎండేమో పడమటి నుంచి. కాబట్టి దక్షిణపు కిటికీ బార్లా తెరిచి, పడమటి కిటికీ అద్దాన్ని తెర వెనకాలే జరిపి ఉంచితే గాలి ఇటు నుంచి వచ్చి అటు పోతుంది. అదే పొద్దున పదకొండు నుంచి వడగాలి కొట్టేటప్పుడైతే అన్నీ మూసెయ్యి. బయటి గాలి లోపలికంటే వేడిగా ఉన్నప్పుడు దాన్ని పిలవడం దేనికి?

వెదురు దొరక్కపోతే కడియం నర్సరీల్లో మొక్కల మీద కట్టే షేడ్ నెట్ ఉంది చూశావూ, అది తెచ్చుకో. శాతాల లెక్కన అమ్ముతారు, ఎక్కువ శాతమంటే ఎక్కువ నీడ. మరీ చిక్కనిది తీసుకుంటే గాలి సరిగ్గా ఆడదు, 75 శాతం చాలు. కొబ్బరాకు తడిక అయితే ఇంకా చవక, చల్లగానూ ఉంటుంది. కానీ ఎండాక నిప్పుకి భయం, కరెంటు తీగలు, పొయ్యి పక్కన వద్దు.

వట్టివేళ్ళ తడికలు తెచ్చి నీళ్ళు చల్లుదామా అని పెద్దమ్మ అడిగిందన్నావు. ఆవిడ మాట కాదనకు, పొడి పడమటి గాలి వీచే మధ్యాహ్నాలకి అది అద్భుతం, వాసనకే ప్రాణం లేచొస్తుంది. కానీ నీరు ఆవిరైతేనే చల్లదనం. గాలిలో తేమ నిండా ఉన్న రోజున ఆవిరి కాదు సరికదా, గదిలో జిడ్డు పెరుగుతుంది. పైరగాలి తిరిగిందంటే తడపడం ఆపెయ్యమను.

లోపలి కర్టెన్ పారెయ్యకు. దానికి వెనకాల తెల్లగుడ్డ కుట్టించి, ఆ తెలుపు అద్దం వైపు ఉండేలా, అద్దానికి దగ్గరగా వెయ్యి. పైన సందు లేకుండా చూసుకో. రెండూ కలిస్తే చాలా తేడా తెలుస్తుంది. డాబా వేడి వేరే గొడవ, తెరలతో అది తగ్గదు, స్లాబు మీద సున్నం కొట్టించు.

వానలు మొదలయ్యాక కిటికీ పక్కన దొండపాదు పెట్టి పందిరికి పాకిస్తే వచ్చే వేసవికి ఆకుల తెరే ఉంటుంది. కూరకి కాయలూ వస్తాయి. పెద్దమ్మ ఆ పాదుకి నీళ్ళు పోస్తూ సంతోషంగా ఉంటుంది కూడా.

తెర మాత్రం ముళ్ళు వేసి బిగించెయ్యకు, పైకి చుట్టడానికి తాడు ఉండాలి. రాత్రి చుట్టేస్తే గోడకీ గదికీ గాలి తగులుతుంది. తుపాను హెచ్చరిక వచ్చిందంటే వెంటనే విప్పెయ్యాలి. ఎండాకాలంలో తుపానేంటనుకోకు, 1990లో మే నెలలోనే వచ్చింది.

కిటికీ పొడవు, వెడల్పు, సన్‌షేడ్ ఎంత ముందుకుందో టేపు పెట్టి కొలిచి పంపు. వెడల్పుకి రెండు వైపులా అడుగేసి కలుపుకో, ఏటవాలు ఎండ పక్కల నుంచి దూరుతుంది. మా ఊళ్ళో బుట్టలల్లే ఆయన కొలతకి చేసిస్తాడు. ఆదివారం నేనే పట్టుకొస్తాను, డ్రిల్లింగ్ మెషీన్ ఎవరి దగ్గరైనా అడిగి ఉంచు. ఏసీ వాడికి మాత్రం ఆదివారం దాకా డబ్బు కట్టకు.

నీ
అమలాపురం వాడు