గేటు పోయింది, హోటలు ఉంది

ముందు అందరూ ఫోన్ చేసి అడుగుతున్న దానికి జవాబు చెప్పేస్తాను. హోటలు మూయలేదు. ఒడిశా గోపాల్‌పూర్‌లో ఎప్పుడూ ఉన్న చోటే ఉంది, పొద్దున్న ఆరింటికల్లా మొదటి వాయి ఇడ్లీ దిగుతోంది. పోయింది మా సందు మొదట్లో, సముద్రానికి దిగే దారి మీద ఉండే గేటు.

బరంపురం నుంచి వచ్చేవాళ్ళు ఇన్నాళ్ళూ ఆటో ఎక్కి "గేట్ పాఖొరే" అంటే చాలు, గేటు దగ్గర దింపేసేవారు. ఇప్పుడు ఏ గేటు అని అడుగుతున్నారు. పోయిన ఆదివారం ఇచ్ఛాపురం నుంచి వచ్చిన ఒక కుటుంబం మా ముందు నుంచే రెండుసార్లు వెళ్ళి, ఆకలికి ఆగలేక వేరేచోట ఒడియా టిఫిన్ బరా, ఘుగుని (గారెలు, బఠాణీ కూర) తినేశారట. సాయంత్రం టీకి వచ్చి చెప్పి నవ్వారు. నేనూ నవ్వాను కానీ, ఆదివారం 120 ప్లేట్లు పోయే చోట 70 దాటడం లేదు.

వానాకాలం చివర్లో ఇసుక లారీ ఒకటి వెనక్కి వస్తూ ఎడమ స్తంభానికి తగిలింది. పెద్ద దెబ్బేం కాదు. అయినా స్తంభం మోకాలి ఎత్తున చీలింది, తెల్లారేసరికి పైన కమాను కుంగింది. ఎవరి నెత్తిన పడుతుందోనని తాళ్ళు కట్టి దింపేశారు. వారం రోజులు నేను కూడా లారీవాణ్ణే తిట్టాను. తర్వాత స్తంభం లోపల చూశాక నోరు మూతపడింది.

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను మా మీదే తీరం దాటింది. గంటకు 200 కిలోమీటర్ల గాలి. అంత గాలికీ గేటు నిలబడింది, పూత మాత్రం ఊడింది. మంచి పని చేస్తున్నాననుకుని సొంత డబ్బుతో మేస్త్రీని పెట్టి సిమెంటు పూయించాను. అది ఇటుక, గానుగ సున్నంతో కట్టిన గేటు. ఆ పైన నాలుగు ఇనప బోల్టులు దిగ్గొట్టి మా హోటలు ఫ్లెక్సీ తగిలించాను. అంట్లు కడిగిన నీళ్ళు కూడా పదేళ్ళుగా ఆ స్తంభం మొదట్లోకే పోయేవి.

చీలిన చోట ఇటుకని గోటితో గీస్తే పిండిలా రాలింది. లోపలంతా తెల్లగా ఉప్పు. బోల్టులు తుప్పుకి ఉబ్బి నా బొటనవేలంత అయ్యాయి. పాత పనివాడు ఒకాయన చెప్పాడు: సున్నం చెమ్మని బయటికి వదులుతుంది, సిమెంటు లోపలే బిగించేస్తుంది. ఆ తడి ఆరినప్పుడల్లా ఉప్పు గడ్డకట్టి ఇటుకని లోపల నుంచే పగలగొడుతుందట. లారీ తగలకపోయినా ఎప్పుడో పడేదే.

ఇప్పుడు నీళ్ళకి పైపు వేయించాను. పనికొచ్చే ఇటుకలు 640 మా పెరట్లో టార్పాలిన్ కింద ఉన్నాయి. మళ్ళీ అదే చోట సున్నంతోనే కట్టించాలని సందులోవాళ్ళం అర్జీ పెట్టాం, జవాబు రాలేదు. సంక్రాంతికి రెడీ అని గల్లాపెట్టె దగ్గర బోర్డు పెట్టింది నేనే. తొందరపడ్డాను, తీసేశాను. అనుమతి వచ్చినా సున్నం పని నెలల మీద నడుస్తుంది, పూత పూతకీ నెమ్మదిగా ఆరనివ్వాలి. కాంక్రీటు కమాను, రంగు లైట్లు పెడితే ఇరవై రోజుల్లో అయిపోతుందని కొందరంటున్నారు. ఈ ఉప్పుగాలికి కాంక్రీటులోని ఇనప చువ్వలు ఏమవుతాయో ఆ బోల్టులు చూసినవాణ్ణి కాబట్టి నాకు ఇష్టం లేదు. ఒక్కణ్ణి ఒప్పుకోనంత మాత్రాన ఆగుతుందని కాదు.

గేటు కోసమని పెట్టిన చందాల డబ్బా కూడా ఎత్తేశాను. ఇచ్చిన ముగ్గురి పేర్లూ పుస్తకంలో ఉన్నాయి, వచ్చినప్పుడు మీ డబ్బు తీసుకోండి. టిఫిన్ రేట్లు దీని పేరు చెప్పి పెంచను. దారికి గుర్తుగా సందు మొదట్లో ఎర్ర డ్రమ్ము పెట్టి, తెలుగులోనూ ఒడియాలోనూ హోటలు పేరు రాయించాను.

ఇక నాకు కావలసింది ఒకటుంది. రంగూన్ ఓడ ఎక్కేవాళ్ళు ఆ గేటు కిందనుంచే రేవుకి వెళ్ళేవారని మా తాత చెప్పేవాడు. నిజమో కాదో గానీ, ఎడమ పక్క పైన తీగల బొమ్మ ఒకటి ఉండేది. అది ఎలా ఉండేదో మేస్త్రీకి చూపించాలి. మా దగ్గరున్న ప్రతి ఫొటోలోనూ దాని మీద మా ఫ్లెక్సీయే ఉంది. 2013కి ముందు ఇక్కడ పిల్లలతో, పెళ్ళి బట్టల్లో ఫొటోలు దిగినవాళ్ళుంటే ఆల్బమ్ ఒక్కసారి తీసి చూడండి. ఫోన్లో పంపినా సరే, పట్టుకొస్తే ఇంకా మంచిది.