అమ్మమ్మ గదిలో ఏసీ

చిట్టితల్లికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అమ్మా నేనూ క్షేమం. హైదరాబాద్ చేరగానే నువ్వు ఫోను చేశావు. గృహప్రవేశం నాడు జరిగినదాని మాట నువ్వూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఫోనులో అయితే ఒకరి మాటకు ఒకరం అడ్డు వస్తాం. అందుకే కూర్చుని రాస్తున్నాను. తీరిక చూసుకుని చదువు.

ఆ రోజు మీ మామయ్య భోజనం చేయకుండానే వెళ్లిపోయాడు. నువ్వు గమనించావో లేదో. మర్నాడు అమ్మ గారెలూ పులిహోరా డబ్బాలో పెట్టి ఇస్తే నేనే తీసుకెళ్లాను. అతను మిరప కల్లంలో తాలుకాయలు ఏరిస్తున్నాడు. డబ్బా అందుకుని పక్కన పెట్టి, "చిన్నపిల్ల కదా బావా, నేనేమీ అనుకోలేదు" అన్నాడు. అనుకున్నాడమ్మా. మొహం చూస్తే తెలిసింది.

మాట కరెంటు బిల్లుతో మొదలైంది. ఏసీల మీదకు మళ్లింది. బొగ్గు మండించే కొద్దీ భూమి వేడెక్కుతోందని నువ్వు అన్నావు. ఎండలు ఎప్పుడూ ఉన్నవే, ఇదంతా బయటి దేశాల వాళ్లు మన నెత్తిన రుద్దే కథ అని అతను అన్నాడు. అంతవరకూ అది వాదనే. ఆ తరువాత నువ్వు "మీలాంటి వాళ్ల వల్లే మేం కాలిపోతున్నాం" అన్నావు. పందిట్లో అంతమంది ముందు. నేను అక్కడే ఉన్నాను, విన్నాను, ఏమీ అనలేదు. అది నా తప్పు. నువ్వు చెప్పినదాంట్లో నిజం ఎంతో నాకు తెలుసు, అతని బాధ ఏమిటో కూడా తెలుసు. రెండూ తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. నోరు విప్పాల్సింది నేనే.

ముందు నిజం సంగతి చెబుతాను. ముప్పై ఏళ్లకు పైగా సబ్‌స్టేషన్‌లో ఆపరేటరుగా చేశాను. గంట కొట్టినట్టు గంటగంటకూ ప్యానెల్ ముందు నిలబడి ఏ ఫీడరు మీద, అంటే ఊళ్లకు కరెంటు తీసుకెళ్లే ఏ లైను మీద, ఎన్ని ఆంపియర్లు, ఎంత వోల్టేజీ అని లాగ్‌షీటులో రాసేవాణ్ని. నేను చేరిన కొత్తలో వేసవి రాత్రి పది దాటితే ఊరి ఫీడరు మీద లోడు జారిపోయేది. రిటైరయ్యేనాటికి మే నెలలో అర్ధరాత్రి రెండింటికి కూడా లోడు దిగేది కాదు. ఊరు పడుకునేది, కరెంటు పడుకునేది కాదు. ఎవరి అభిప్రాయం ఏదైనా, ముల్లు ఎక్కడ ఆగిందో అదే నేను రాశాను.

హవాయి దీవుల్లో మౌనా లోవా అనే కొండ మీద కూడా అలాంటి లాగ్‌షీటు ఒకటి ఉంది. గాలిలో బొగ్గుపులుసు వాయువు ఎంత ఉందో చార్లెస్ కీలింగ్ అనే శాస్త్రవేత్త 1958లో అక్కడ కొలవడం మొదలుపెట్టాడు. అప్పట్లో పది లక్షల పాళ్లలో 315 పాళ్లు ఉండేది. ఇప్పుడు 420 దాటింది. ఆయన 2005లో పోయాడు, కొలవడం మాత్రం ఆగలేదు. మన భాషలో ఆ వాయువు పేరులోనే బొగ్గు ఉంది చూడు. ఆ రీడింగుతో ఎవరైనా పోట్లాడితే నేను నీ పక్కనే నిలబడతాను. కల్లంలో మామయ్యకు ఇదే చెప్పాను. చాలాసేపు విన్నాడు. "పెరిగిందంటే పెరిగిందే అనుకుందాం బావా. పెంచింది నేనా?" అని అడిగాడు.

ఆ ప్రశ్నకు నీ దగ్గర జవాబు ఉందా తల్లీ?

మీటరు రీడింగు మీద గొడవ వేరు. బిల్లు ఎవరెంత కట్టాలన్న గొడవ వేరు. ఆ రోజు పందిట్లో మీరిద్దరూ ఈ రెండింటినీ కలిపేశారు. రీడింగు గురించి అతను చెప్పింది తప్పు. బిల్లు గురించి అతనికి అడిగే హక్కు ఉంది. మన దేశంలో సగటున మనిషికి ఏడాదికి సుమారు రెండు టన్నుల బొగ్గుపులుసు వాయువు లెక్కకు వస్తే, అమెరికాలో పద్నాలుగు టన్నుల దాకా వస్తుంది. 2021లో గ్లాస్గోలో జరిగిన వాతావరణ సదస్సులో చివరి గంటల్లో మన దేశం పట్టుబట్టింది ఈ లెక్క మీదే. ఒప్పందంలో బొగ్గు వాడకాన్ని "నిలిపివేయడం" అని ఉన్నచోట "తగ్గించడం" అని మార్పించారు. ఆ ఒక్క మాట కోసం ప్రపంచమంతా వాదించుకుంది. చిన్న దీవుల దేశాలవాళ్లు కన్నీళ్లు పెట్టుకున్నంత పని చేశారు. మన వాదనలో న్యాయం ఉందని నేను అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. కానీ న్యాయం మన పక్షాన ఉందని రెంటచింతలలో ఎండ ఒక్క డిగ్రీ తగ్గదు. ఈ రెండు మాటలనూ ఒకే గుండెలో పెట్టుకోవడం నాకూ కష్టంగానే ఉంది.

నీకు తెలియని సంగతి ఇంకొకటి చెబుతాను. 2015 మే నెల నీకు గుర్తుందా? పరీక్షలని నువ్వు హాస్టల్లోనే ఉండిపోయావు. ఆ నెలలో రెండు తెలుగు రాష్ట్రాల్లో వెయ్యి మందికి పైగా వడదెబ్బకు చనిపోయారు. ఆ ఎండల్లోనే అమ్మమ్మ వంటింట్లో పడిపోయింది. నువ్వు కంగారు పడతావని చెప్పలేదు. మామయ్య మూడు రాత్రులు దుప్పట్లు తడిపి కిటికీలకు కట్టి, తడిగుడ్డతో ఆవిడ ఒళ్లు తుడుస్తూ కూర్చున్నాడు. ఆ ఏడాది మిరప డబ్బులు చేతికి రాగానే అప్పు కూడా తీర్చకుండా ఏసీ కొన్నాడు. తన గదిలో పెట్టుకోలేదు, అమ్మమ్మ గదిలో పెట్టాడు. నువ్వు పందిట్లో వేలెత్తి చూపింది ఆ ఏసీనే. భూమి వేడెక్కడం లేదని అన్నవాడే ఆ వేడికి తల్లిని కాపాడుకున్నాడు. ఇది తలచుకుంటే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

కరెంటు మీద మన నేలలో ఎన్ని గొడవలు చూశానో. 2000 ఆగస్టు 28న ఛార్జీల పెంపు మీద బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగి ముగ్గురు పోయారు. 2004లో రైతులకు ఉచిత విద్యుత్తు వచ్చినప్పుడు మంచి చెడ్డల మీద ఊరూరా తగువులే. 2010 జూలై 14న సోంపేటలో థర్మల్ కేంద్రం వద్దని నిలబడినవాళ్ల మీద కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. అక్కడి రైతులూ మత్స్యకారులూ భూతాపం అన్న మాట పట్టుకుని వీధిలోకి రాలేదు. మా బీల (అక్కడి చిత్తడి నేల), మా నీళ్లు, మా చేపలు అన్నారు. బొగ్గుకు ఎదురు నిలిచి గెలిచారు. నీ చదువు చెప్పే మాట చేసే పనిని అక్కడ ఆ బీల మీది మమకారం చేసింది.

మామయ్య దగ్గరా అలాంటిదొకటి ఉంది. ఇదివరకు వ్యవసాయానికి త్రీఫేజ్ కరెంటు సగం రాత్రిళ్లే వచ్చేది. లైటు పట్టుకుని చేలోకి వెళ్లి మోటారు వేయాలి. అలా వెళ్లి పాముకాటుకు పోయినవాళ్లు మా ఫీడరు మీద ఉన్నారు. స్టార్టరు దగ్గర తడిచేత్తో షాకు కొట్టి పోయినవాళ్లూ ఉన్నారు. ఇప్పుడు పగలే ఇస్తున్నారు. ఎండ మండుతున్న వేళ సౌర విద్యుత్తు దండిగా ఉంటుంది కనుక పగటి కరెంటుకు అది బాగా కలిసొచ్చింది. కర్నూలు వైపు గని, శకునాల గ్రామాల దగ్గర 2017లో వచ్చిన వెయ్యి మెగావాట్ల పార్కు గురించి నేను చెబితే మామయ్య కళ్లు పెద్దవి చేసుకుని విన్నాడు. ఎండతో మోటారు తిరగడం అతనికి ఇష్టమే. నువ్వు వాదన అక్కడ మొదలుపెట్టి ఉంటే బాగుండేది.

నీ మాటలో కూడా ఒక సవరణ చెప్పాలి, కోపం తెచ్చుకోకు. "డాబా మీద ప్యానెల్ పెట్టుకుంటే అయిపోతుంది" అన్నావు. అయిపోదు. మూడు కిలోవాట్లు పెడితే మంచి ఎండ రోజున పన్నెండు యూనిట్ల దాకా వస్తాయి, బిల్లు బాగా తగ్గుతుంది, నిజమే. కానీ అవి మధ్యాహ్నపు యూనిట్లు. అమ్మమ్మ ఏసీ నడిచేది రాత్రి. పొద్దు కుంకాక ఊరి లోడు ఎక్కేవేళకు మన వైపు కరెంటులో ఎక్కువ భాగం బొగ్గుదే. చిన్నప్పుడు విజయవాడ వెళ్తూ నువ్వు వేళ్లు మడిచి లెక్కపెట్టేదానివే, ఆ ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం పొగగొట్టాలు, అలాంటివాటి నుంచి వచ్చేదే. ఎన్ని యూనిట్లు వాడామన్నది ఎంత ముఖ్యమో, ఏ వేళ వాడామన్నదీ అంతే ముఖ్యం. లాగ్‌షీటు నాకు నేర్పింది ఇదే. నీళ్ల మోటారు, వాషింగ్ మెషీన్, ఇస్త్రీ మధ్యాహ్నానికి మార్చమని అమ్మకు చెప్పాను. మొదట విసుక్కుంది, ఇప్పుడు అలవాటైంది.

రాత్రి ఏసీ మాటకొస్తే, అది ఆపమని ఎనభై ఏళ్ల మనిషికి ఎవరు చెబుతారు? నేను చెప్పను, నువ్వూ చెప్పకు. తగ్గించే దారులున్నాయి. ఒక్కో డిగ్రీ పెంచితే కరెంటు ఆరు శాతం దాకా ఆదా అని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ వాళ్లు చెబుతారు. అమ్మమ్మ గదిలో 20 పెట్టి ఉంది. 26 పెట్టి పైన ఫ్యాను తిప్పితే చాలు, ఆవిడకు ఎలాగూ చలి వేసి దుప్పటి కప్పుకుంటోంది. ఆ ఫ్యాను కూడా పాతది, 75 వాట్లు తాగుతుంది. తక్కువ కరెంటుతో తిరిగే కొత్తరకం బీఎల్‌డీసీ ఫ్యానుకు అందులో సగం కూడా పట్టదు. అన్నిటికన్నా ముందు ఆ గది పైన డాబాకు తెల్లగా సున్నం వేయించాలి. మా నాన్న ప్రతి ఉగాదికీ వేయించేవాడు. మేము టైల్స్ వచ్చాయని మానేశాం.

ఈ పనులేవీ లోకాన్ని మార్చేస్తాయని నీకు చెప్పడం లేదు. పెద్ద లెక్కలు ప్రభుత్వాల చేతుల్లో, కంపెనీల చేతుల్లో ఉన్నాయి. వాటి మీద నువ్వు గొంతెత్తాలి, ఎత్తుతూనే ఉండాలి. నీకు ఆ పట్టుదల ఉన్నందుకు నాకు ఎంత గర్వమో ఎప్పుడూ నోటితో చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

మామయ్యకు నువ్వే ఫోను చెయ్యి. వాతావరణం గురించి వెనక్కి తగ్గమనడం లేదు. ఆ "మీలాంటి వాళ్లు" అన్న మాట ఒక్కటీ వెనక్కి తీసుకో. మూడు కిలోవాట్లకు కేంద్రం 78 వేలు సబ్సిడీ ఇస్తోందని అతను ఎక్కడో విన్నాడట, మిగతాది ఎంతవుతుందో కనుక్కోమని నన్ను అడిగాడు. నాకన్నా నీకు బాగా తెలుసు, నువ్వే చెప్పు. వచ్చే ఆదివారం వీలైతే రా. పన్నెండు నెలల బిల్లులు తీసి ఉంచమన్నాను. వాళ్ల డాబా మీద నీళ్ల ట్యాంకు, పక్కన వేపచెట్టు ఉన్నాయి. మధ్యాహ్నం రెండింటికి నీడ ఎంతవరకు పడుతుందో ముగ్గురం ఎక్కి చూడాలి. చెట్టు కొట్టేస్తానంటున్నాడు. నువ్వు వచ్చేదాకా ఆగమన్నాను.

ప్రేమతో,
నాన్న