కుర్చీలిచ్చిన మేస్త్రీకి, సంచులు కుట్టిన టైలరమ్మకి, లెక్క చెప్పిన మాస్టారికి కృతజ్ఞతలు

గుండె జబ్బున్న పెద్దవాళ్ల కోసం కమ్యూనిటీ హాల్లో పెట్టిన కండబలం వ్యాయామ తరగతి నిలబడిందంటే, అందులో ఫిజియోథెరపిస్టులం మేం చేసింది కొంతే. ఎవరి సాయం ఎక్కడ అక్కరకొచ్చిందో చెబితేనే థాంక్స్ అన్న మాటకి విలువ. పేర్లు వద్దన్నారు కాబట్టి రాయడం లేదు.

ముందు వడ్రంగి మేస్త్రీకి. ఈ తరగతికి ప్రాణం కుర్చీలోంచి లేచి కూర్చోవడం. ప్లాస్టిక్ కుర్చీ టైల్స్ మీద జారుతుంది, కాళ్లు విచ్చుకుంటాయి. ఆయన ఇచ్చిన చెక్క కుర్చీల ఎత్తు 45 సెంటీమీటర్లు. మోకాళ్లలో పట్టు లేనివాళ్ల కోసం రెండింటికి కింద దిమ్మెలు బిగించి 50 చేశారు. చూడ్డానికి ఐదు సెంటీమీటర్లే. చేతులతో తోసుకోకుండా లేవగలరా లేదా అన్నది అక్కడే తేలుతుంది. బైపాస్ అయినవాళ్లకి ఇది మరీ ముఖ్యం. కోసిన రొమ్ము ఎముక అతుక్కోవడానికి సుమారు 12 వారాలు పడుతుంది, అప్పటిదాకా చేతుల మీద ఒళ్లంతా మోపకూడదు. ఎముక దగ్గర టక్కుమని కదిలినట్టనిపిస్తే వెంటనే ఆపి సర్జన్‌కి చూపించాలి.

ఓపీ చీటీ మీద ఓపిగ్గా రాసిచ్చిన గుండె డాక్టర్లకి నమస్కారాలు. "వ్యాయామం చేయవచ్చు" అన్న ఒక్క ముక్క మాకు సరిపోదు. స్టెంటో ఆపరేషనో ఏ తేదీన అయింది, గుండె పంపింగ్ ఎంత శాతం, ఏ మందులు వాడుతున్నారు అన్నవి కావాలి. మెటోప్రోలాల్, బిసోప్రోలాల్ లాంటి నాడి వేగం తగ్గించే మాత్రలు వేసుకునేవాళ్లకి ఎంత కష్టపడినా నాడి అంతగా పెరగదు. చేతి వాచీ చూసి "ఇంకా చేయొచ్చులే" అనుకుంటే మోసపోతాం. అందుకే మేం మాటనే కొలతగా పెట్టుకున్నాం. చేస్తూ పూర్తి వాక్యం మాట్లాడగలగాలి, "కొంచెం కష్టంగా ఉంది" అన్న దగ్గర ఆగిపోవాలి.

రిటైర్డ్ లెక్కల మాస్టారికి ప్రత్యేకంగా. అందరిచేతా గొంతెత్తి ఒకటి, రెండు అని చెప్పించేది ఆయనే. కొందరికి నవ్వులాటగా ఉంది గానీ, పైకి లెక్కపెడుతున్న మనిషి ఊపిరి బిగబట్టలేడు. బిందె ఎత్తేటప్పుడు ముక్కినట్టు ఇక్కడా ముక్కితే బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది. 1985లో కెనడాలో బాడీబిల్డర్ల ధమనిలోనే గొట్టం పెట్టి బీపీ కొలిచారు. రెండు కాళ్లతో భారీ బరువు నెట్టేటప్పుడు సగటున 320/250 వచ్చింది, ఒకరికి 480/350 దాటింది. వాళ్లు కుర్రాళ్లు, ఆ బరువులూ వేరు. మన దగ్గర అరకిలో ఇసక సంచీ అయినా సరే, ఎత్తేటప్పుడు ఊపిరి వదలడం, దించేటప్పుడు పీల్చడం. పిడికిలి బిగించి పట్టుకోవడం కూడా బీపీని పెంచుతుంది, వేళ్లు వదులుగా ఉంచాలి.

బీపీ మిషన్‌కి పెద్ద పట్టీ కొనిచ్చిన మెడికల్ షాపు బాబుకి థాంక్స్. లావు చేతికి చిన్న పట్టీ చుడితే లేని బీపీ కనిపిస్తుంది, చేయగలిగినవాళ్లని ఇంటికి పంపాల్సి వస్తుంది. ఐదు నిమిషాలు కూర్చున్నాక కూడా 160/100 దాటితే ఆ రోజు బరువులు లేవు, డాక్టర్‌కి ఫోన్. 180/110 దాటితే అసలు కుర్చీలోంచే లేపం.

అన్నిటికంటే పెద్ద కృతజ్ఞత మాత్రం దాచకుండా చెప్పినవాళ్లకి. "రెండు రోజుల్లో రెండు కిలోలు పెరిగానమ్మా, చెప్పులు బిగుతయ్యాయి" అని గుమ్మం దగ్గరే చెప్పిన పెద్దావిడని అటునుంచి అటే ఆసుపత్రికి పంపాం. అది కొవ్వు కాదు, ఒంట్లో నీరు నిలిచిన లక్షణం. విశ్రాంతిలోనూ ఛాతీనొప్పి, కొత్తగా ఆయాసం, కళ్లు తిరగడం ఉన్న రోజు ఎవరూ మొహమాటపడొద్దు. తరగతి ఎల్లుండీ ఉంటుంది.

టైలరమ్మ కుట్టిన ఇసక సంచుల కొలతలు చాలామంది అడుగుతున్నారు. పాత జీన్స్ గుడ్డ, 24 × 10 సెంటీమీటర్లు, డబుల్ కుట్టు, 40 సెంటీమీటర్ల వెల్క్రో పట్టీ. ఇసక కడిగి, ఎండబెట్టి, పాలిథీన్ కవర్లో కట్టి లోపల పెట్టాలి. తడి ఇసకైతే తూకం మారుతుంది, గుడ్డ మురుగుతుంది. కిరాణా కాటా మీద సరిగ్గా 500 గ్రాములు తూచండి. రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవాళ్లకి కొద్ది ఒత్తిడికే చర్మం కమిలిపోతుంది, చీలమండకి తగిలే వైపు పాత తువ్వాలు ముక్క వేసి కుట్టండి. వారానికి రెండు రోజులు, మధ్యలో కనీసం ఒక రోజు విరామం. ఒక్క సంచీని పదిసార్లు ఎత్తడంతో మొదలుపెట్టి, వరసగా రెండు మూడు తరగతుల్లో 15 సార్లు సునాయాసంగా వచ్చాకే రెండో సంచీ.